వేలెడు బీరు

ఫిబ్రవరి 26

పాలు మాడాయి. నేను నేలమాళిగలో బంగాళాదుంపల మొలకలు గిల్లుతున్నాను. ఓట్మార్ పొయ్యి పక్కనే కూర్చుని పేపరు చదువుతున్నాడు. పైకి వచ్చేసరికి వంటిల్లంతా పొగ.

“ముక్కు లేదా నీకు?” అన్నాను అలవాటుగా. అన్నాక గుర్తొచ్చింది. లేదు కదా.

జనవరిలో వచ్చిన జ్వరం పోతూ పోతూ దాన్ని పట్టుకుపోయింది. ఉల్లిపాయకీ ఆపిల్‌కీ తేడా తెలియదు. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. ఈ సంగతి ఎవరికీ చెప్పకూడదని అనుకున్నాం. అనుకున్నది నేను. అతను తలూపాడు.

ఊళ్ళో బీరు కాచే హక్కున్న ఇళ్ళు ఆరు, ఉమ్మడి బట్టీ ఒకటి. వంతుల మీద కాస్తాం. ఎవరి బీరు వాళ్ళ నేలమాళిగలో ఊరుతుంది, తయారయ్యాక వాకిట ఫిర్ చెట్టు కొమ్మ కట్టి జనాన్ని కూర్చోబెడతాం. కాచేవాడికి వాసన తెలియదని బయటపడితే మా కొమ్మ కింద ఎవడు కూర్చుంటాడు? పైగా కొత్త బీరు వస్తే ఊరి తరఫున రుచి చూసి తీర్పు చెప్పే ముగ్గురిలో ఓట్మార్ ఒకడు. వాళ్ళ నాన్న కూర్చున్న కుర్చీ అది. దాన్ని పోనివ్వను.

గిన్నె బూడిదతో తోమితే వదిలింది.

మార్చి 5

ఆ కిలియన్‌గాడు బట్టీని జిగురుకుండ చేశాడు.

పక్కింటి ముసలాయన పోయాక మేనల్లుణ్ణని చెప్పి వియన్నా నుంచి దిగాడు. ముసలాయన ఏళ్ళ తరబడి కొమ్మ కట్టలేదు. వీడు కడతాడట. పోనీ అందరిలా బార్లీతో కాచుకోవచ్చుగా, ఉహూఁ, సగం రై గింజలు వేశాడు. బార్లీకి పొట్టు ఉంటుంది, అదే జల్లెడలా పనిచేసి గింజల తీపి నీళ్ళని, మా పానకాన్ని, కిందికి వదులుతుంది. రైకి ఆ పొట్టు లేదు. పొద్దున నుంచి తొట్టిలో జావ జావలాగే కూర్చుంది, అడుగున ఒక్క చుక్క దిగలేదు. వీడు ఓట్స్ ఊక కలుపుతూ తెడ్డుతో గీరుతున్నాడు.

వెండెలిన్ పెద్దాయన కర్ర మీద చేతులు పెట్టుకుని చూస్తున్నాడు. ముగ్గురిలో పెద్ద ఆయనే. “ఒరేయ్, రై అనేది రొట్టెల్లోకిరా,” అన్నాడు.

“రొట్టెల సంగతి నాకొదిలెయ్,” అన్నాడు బేకరీ లాంబెర్ట్. అతను ముగ్గురిలో రెండోవాడు. “రై ఎక్కడికి వెళ్ళాలో దానికే తెలుసు.”

“ఎక్కడికీ వెళ్ళడం లేదుగా, అదే గొడవ,” అన్నాను నేను. “ఇది బీరా, గోడలకి రాసే జిగురా?”

కిలియన్ తలెత్తాడు. ముఖమంతా పిండి. “రెండింటికీ వస్తుంది పిన్నీ. మీ గోడకి ఎంత కావాలి?”

అందరూ నవ్వారు. ఓట్మార్ కూడా.

రేపు మా వంతు. మా మాల్ట్, మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ, మర పట్టించి సంచుల్లో సిద్ధంగా ఉంది. అది గాలికి పాడవుతుందని వీడికి తెలియదా? తెలుసు. తెలిసే చేశాడు.

మార్చి 8

రెండు రోజులు ఆలస్యంగా కాచాం. కట్టెలు తడి. అంతా వాడి వల్లే.

పానకం కాగుతుంటే ఓట్మార్ నన్ను పక్కకి పిలిచి గరిటె అందించాడు. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని వాసన చూశాను.

“ఎలా ఉంది?”

“ఎప్పటిలాగే.”

“మాల్ట్ పాతబడిన వాసన లేదు కదా?”

“ఎప్పటిలాగే అన్నానుగా.”

ఈస్ట్ కావాలా అని వెండెలిన్ అడిగాడు, తన దగ్గర కొత్తది ఉందట. మాది మాకు ఉంది అన్నాను. ఇక్కడ ఈస్ట్ అడిగితే ఎవరూ కాదనరు, పగవాడైనా డబ్బా నింపి పంపాల్సిందే. కానీ ఫలానావాళ్ళు అడిగారని సాయంత్రానికల్లా ఊరంతా తెలిసిపోతుంది. మా ఇంటి నుంచి డబ్బా బయటికి వెళ్ళడం నేను కాపురానికి వచ్చాక చూడలేదు.

మార్చి 9

ఈస్ట్ వెయ్యబోయే ముందు డబ్బా మూత తీసి వాసన చూడడం ఓట్మార్ పని. ఇప్పుడు నాది. తీశాను, పెట్టాను. బాగానే ఉంది.

కర్టెన్లన్నీ ఉతికాను.

మార్చి 15

నేలమాళిగలో బీరు ఎలా పులుస్తోందో చూసి రమ్మన్నాడు ఓట్మార్. కిటికీలు తుడిచే రోజు ఇది, రేపు చూస్తానన్నాను.

మార్చి 16

గసగసాలు రుబ్బి నూడుల్స్‌లోకి కలిపాను. అతను రెండుసార్లు వడ్డించుకున్నాడు. రుచి తెలియకపోయినా తింటాడు. చూస్తుంటే ఒళ్ళు మండుతుంది.

నాకు కడుపు అంత బాగా లేదు. భోజనంలో బీరు మానేసి పుదీనా టీ పెట్టుకున్నాను.

మార్చి 31, ఈస్టర్

చర్చి మెట్ల మీద కిలియన్ ఎదురయ్యాడు. “పిన్నీ, ఇరవయ్యో తారీఖున నా బీరు రుచి చూస్తారట కదా. బాబాయి ముక్కు మీద నాకు గురి,” అన్నాడు.

ఎందుకన్నాడు ఆ మాట? ముక్కు అనే ఎందుకన్నాడు? ఇంటికి వచ్చాక ఓట్మార్‌ని అడిగాను. “మాటవరసకి అన్నాడు లేవే,” అన్నాడు.

మాటవరసకి కాదు. కుర్రాడి కళ్ళు చూశాను నేను.

పుదీనా టీ.

ఏప్రిల్ 14

మొన్న శుక్రవారం కొమ్మ కట్టాం, రేపటితో దించేస్తాం. ఉత్తరపు గాలి. చలికి జనం ఎక్కువసేపు కూర్చోలేదు. పొగబెట్టిన కార్ప్ చేప అయిపోయింది, పందికొవ్వు రాసిన రొట్టెలు అయిపోయాయి, ఉల్లిపాయలు మళ్ళీ కొనాలి. మగ్గుల్లో మిగిలింది పారబోసే బకెట్టు మాత్రం రోజూ నిండుతోంది. చలిలో చల్లని బీరు ఎవరు తాగుతారు?

చేపల చెరువు కౌలుదారు సగం మగ్గు వదిలేసి లేచాడు. “బుర్గీ, ఈసారి నా రొట్టెకి వెన్న వద్దు. బీరులోనే ఉంది,” అన్నాడు.

వచ్చే నెల కొమ్మ కట్టినప్పుడు అతనికి బల్ల ఉండదు.

ఇదంతా ఆ రై చేసిన పని. మాల్ట్ రెండు రోజులు సంచుల్లో ఉండకపోతే ఇలా అయ్యేదా?

ఏప్రిల్ 17

కిలియన్ బీరు పరీక్ష మా ఇంట్లోనే పెట్టమని వెండెలిన్‌కి కబురు చేశాను. మా హాలు పెద్దది, వెలుతురు ఉంది అని చెప్పాను. ఒప్పుకున్నాడు.

ఏర్పాటు ఇది. కూజా వంటింట్లోకి వస్తుంది, గ్లాసులు నేను నింపుతాను. నింపేటప్పుడు ఒక గుటక నేను రుచి చూస్తాను. రొట్టె, ఉప్పు పళ్ళెంలో పెట్టి తీసుకెళ్తాను. ఉప్పు గిన్నె ఓట్మార్‌కి కుడివైపు పెడితే బీరు బాగుంది. ఎడమవైపు పెడితే లోపం ఉంది. ఏ లోపమన్నది తలా ఒకటి చెప్తారు కాబట్టి, “వెనకాల పులుపు తగులుతోంది” అంటే చాలు.

రైతో కాచిన లాగర్ బీరుకి వెండెలిన్ ఒప్పుకోడు, అది ఖాయం. లాంబెర్ట్ ఒప్పుకుంటాడు, అదీ ఖాయం. తేల్చేది ఓట్మార్. కాదంటే కిలియన్‌కి బట్టీలో వంతు ఉండదు, ఇల్లు అమ్ముకుని వెళ్ళిపోతాడు.

ఓట్మార్‌కి రెండుసార్లు చెప్పించి విన్నాను. “కుడి అంటే బాగుంది. ఎడమ అంటే లోపం.”

“నిజంగా బాగుంటే?” అన్నాడు.

“బాగుంటే కుడివైపు పెడతాను. నన్నేమనుకుంటున్నావు?”

న్యాయంగానే చూస్తాను.

ఏప్రిల్ 21

నిన్న రాయలేదు. ఇవాళ వరసగా రాసుకుంటాను.

నాలుగు గంటలకి వచ్చారు. వెండెలిన్ ఆదివారం కోటు వేసుకొచ్చాడు. లాంబెర్ట్ తన రొట్టె తెచ్చాడు, నా రొట్టె ఉండగా. కిలియన్ కూజా వంటింటి బల్ల మీద పెట్టి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. చొక్కా ఇస్త్రీ లేదు.

“చల్లగానే ఉంది పిన్నీ. మరీ చల్లగా లేదు,” అన్నాడు.

“ఎంత చల్లగా ఉండాలో నాకు నేర్పకు. అవతలకి వెళ్ళి కూర్చో.”

“కూర్చోబుద్ధి కావడం లేదు. వచ్చే వారం నాకు ఇల్లు ఉంటుందో లేదో ఇవాళ తేలుతుంది.”

“ఇల్లెక్కడికీ పోదు. నువ్వు పోతావు.”

వాడు తలుపు వేసి వెళ్ళాక నాలుగు గ్లాసులు నింపాను. మూడు వాళ్ళకి, ఒకటి నాకు.

రంగు: పాత రాగి బాన రంగు. కొంచెం మబ్బుగా ఉంది. అది లోపం కింద రాసుకున్నాను. నురుగు గట్టిగా కట్టింది, గ్లాసు అంచున అలాగే నిలిచింది. వాసన: రొట్టె పెట్టె మూత తీసినప్పుడు వస్తుందే, అది. దాని వెనక మిరియం, అంటే మిరియం కాదు, మిరియాల డబ్బా ఖాళీ అయ్యాక మిగిలే వాసన. నాలుక మీద చిక్కగా దిగింది, మా అమ్మ జావలా. కానీ గొంతు దాటాక తీపి లేదు. శుభ్రంగా ఆరిపోయింది. లాగర్ అంటే అదే కదా, చివరికి ఏమీ మిగలకూడదు. ఇంత ఘాటైన గింజ వేసి అంత శుభ్రంగా ఎలా ముగించాడో తెలియలేదు. ఎక్కడో లోపం ఉండాలి. ఇంకో గుటక తీసుకున్నాను. లోపం కోసమే.

ఉప్పు గిన్నె పళ్ళెంలో పెట్టాను. గ్లాసులు ట్రేలో పెట్టుకుని హాల్లోకి వెళ్ళాను. ఓట్మార్‌కి ఎడమవైపు ఉప్పు పెట్టాను. 

ముందు వెండెలిన్ తాగాడు. చాలాసేపు పుక్కిట పట్టాడు. “పెద్దవాళ్ళు లాగర్‌ని బార్లీతో చేశారు,” అన్నాడు. “నాకు ఇది వద్దు.” వేలెడు మిగిల్చి గ్లాసు కింద పెట్టాడు. అది మా పద్ధతి. రుచి చూసేవాడు గ్లాసు అడుగున వేలి మందాన మిగల్చాలి, అనుమానం వస్తే మళ్ళీ చూడడానికి. గ్లాసు ఖాళీ చేస్తే తీర్పు చెప్పడానికి రాలేదు, తాగడానికి వచ్చాడని అర్థం. నలభై ఏళ్ళలో వెండెలిన్ ఏ బీరూ ఖాళీ చెయ్యలేదని చెప్పుకుంటారు.

లాంబెర్ట్ తాగాడు, నవ్వాడు. “ఇది నా పొయ్యిలోంచి వచ్చినట్టుంది. నాకు కావాలి.” వేలెడు మిగిల్చాడు.

అందరూ ఓట్మార్ వైపు తిరిగారు. అతను ఒక గుటక తాగాడు. వాసన చూస్తున్నట్టు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. చక్కగా నటించాడు, నేనే నేర్పాను. ఉప్పు వైపు చూశాడు. తరవాత నా చేతిలో ట్రే వైపు చూశాడు. ఆ చూపు అక్కడే ఉండిపోయింది.

“బుర్గీ,” అన్నాడు. “ఉప్పు ఎడమవైపు పెట్టావు. గ్లాసు మాత్రం ఖాళీగా ఉంది. నేను దేన్ని నమ్మాలి?”

ట్రేలో నా గ్లాసు ఉంది. వంటింట్లో వదిలి రావాల్సింది. అడుగున ఒక్క చుక్క లేదు. నురుగు గీతలు కూడా నాలుకతో తుడిచినట్టు ఉన్నాయి.

“ఏమిటిది?” అన్నాడు వెండెలిన్.

ఓట్మార్ గ్లాసు కింద పెట్టాడు. “నాకు జనవరి నుంచి వాసన లేదు, రుచి లేదు. ఇందులో సబ్బునీళ్ళు పోసినా తాగేవాణ్ణి. ఇప్పటిదాకా ఈవిడ చూసి చెప్తోంది, నేను ఒప్పజెప్తున్నాను. ఇవాళ ఎడమ అని చెప్పింది. కానీ ఇరవై ఆరేళ్ళలో ఈవిడ ఒకరి బీరు ఖాళీ చెయ్యడం నేను చూడలేదు. నాదీ ఖాళీ చెయ్యలేదు. నా తీర్పు అదే. ఆ గ్లాసు.”

 గుమ్మం దగ్గర కిలియన్ నేల చూపులు చూస్తున్నాడు. నవ్వి ఉంటే బాగుండేది, వాణ్ణి తిట్టేదాన్ని.

వెండెలిన్ లేచి, కర్ర ఊతంతో నా దగ్గరకి వచ్చి, ఆ గ్లాసు తీసుకుని వెలుతురుకి పెట్టి చూశాడు. “ఖాళీయే,” అన్నాడు. “ఇద్దరు ఒకవైపు. కట్టుకోరా కొమ్మ.”

“వెండెలిన్ బాబాయ్, మరి మా ఆయన కుర్చీ?” అన్నాను. 

“ఆయన కుర్చీలో ముక్కున్నవాళ్ళు కూర్చోవాలమ్మాయ్. నీకు ఉంది. కూర్చుంటావా?”

“ఎడమ అన్నాను కదా,” అన్నాను. “నా తీర్పు ఎడమే.”

లాంబెర్ట్ పకపకా నవ్వాడు. తన రొట్టె ఇక్కడే వదిలేసి వెళ్ళాడు. కోళ్ళకి వేశాను.

ఆ గ్లాసు చిన్నది. అందుకే ఖాళీ అయింది.

ఏప్రిల్ 22

ఓట్మార్‌తో మాట్లాడడం లేదు.

ఏప్రిల్ 23

గ్లాసు చిన్నది కాదు. నాలుగూ ఒకే సెట్టు.

ఏప్రిల్ 26

పక్కింటికి కొమ్మ కట్టారు. ముసలాయన ఉన్నప్పటి ఇనుప కొక్కేనికే. చేపల కౌలుదారు మొదట వచ్చాడు. వెండెలిన్ కూడా వెళ్ళాడు, వద్దన్న మనిషి. తరవాత లాంబెర్ట్. ఓట్మార్ వెళ్ళలేదు, వసారాలో కూర్చుని చూశాడు.

నేను వాళ్ళ వైపు కిటికీ తుడిచాను. తరవాత మళ్ళీ తుడిచాను.

వాళ్ళ పారబోసే బకెట్టు గుమ్మం పక్కనే ఉంది. ఖాళీ.

ఏప్రిల్ 28

ఓట్మార్ కోళ్ళ గూడు బాగుచేస్తుంటే నేలమాళిగలోకి దిగాను. మా పీపా నుంచి ఒక గ్లాసు పట్టాను. మొదటిసారి. మార్చి ఎనిమిదో తేదీ కాచినది ఇన్నాళ్ళూ నోట్లో పెట్టుకోలేదు.

రంగు: బంగారం. బాగుంది. నురుగు: బాగుంది.

వాసన: వెన్న. కరిగించిన వెన్న, రెండో రోజుది. దాని కింద తడిసిన గుడ్డ.

మాల్ట్ పాతబడితే వచ్చే వాసన ఇది కాదు. అది అట్టపెట్టె వాసన, నాకు తెలుసు. ఇది అలిసిపోయిన ఈస్ట్. రైకి దీనితో సంబంధం లేదు. మార్చి తొమ్మిదిన డబ్బా మూత తీసినప్పుడే వచ్చింది ఈ వాసన. తీశాను, పెట్టాను.

వేలెడు కాదు, గ్లాసెడు మిగిల్చాను.

కొత్త వంతు మే రెండున. ఆ ఈస్ట్‌తోనే కాస్తే ఇంతే. కొమ్మ మనం కడతాం, బకెట్టు మనం మోస్తాం. ఇంకో రెండుసార్లు ఇలాగైతే కొమ్మ చూసి పక్కకి తిరిగి నడుస్తారు. వెండెలిన్ ఈస్ట్ పోయిన వారం అయిపోయిందని లాంబెర్ట్ చెప్పగా విన్నాను. మిగతా ఇళ్ళవాళ్ళు మే చివరికి గానీ కాయరు.

తాజాగా ఉన్నది ఒక్క ఇంట్లోనే, పోయిన వారం మళ్ళీ కాచిన పక్కింట్లో.

ఏప్రిల్ 30

డబ్బా వేడినీళ్ళతో కడిగి, మూతతో సహా ఆరబెట్టి, బట్ట కప్పకుండా పట్టుకెళ్ళాను. చూసేవాళ్ళు ఎలాగూ చూస్తారు. చూసుకోనీ.

కిలియన్ వాకిట్లో బల్లలు తుడుస్తున్నాడు. నన్ను చూశాడు, డబ్బా చూశాడు. గుడ్డ బల్ల మీదే వదిలి చెయ్యి చాపాడు. తెలివైనవాడే.

“నింపు,” అన్నాను.

“లోపలికి రండి పిన్నీ.”

“ఇక్కడే బాగుంది.”

డబ్బా తీసుకెళ్ళి నింపుకొచ్చాడు. నిండుగా, తెల్లగా, పులిసిన పిండిలా. మూత తీసి అక్కడే వాసన చూశాను. వాడి ముఖం మీదే. పచ్చి రొట్టె, కొంచెం ఆపిల్. శుభ్రంగా ఉంది.

“నాకు ఒకటి చెప్పండి,” అన్నాడు. “ఆ రోజు ఎడమవైపు ఎందుకు పెట్టారు?”

“మా వంతు రెండు రోజులు పోగొట్టావు కనక.”

“దానికి నేను క్షమాపణ అడిగాను కదా.”

“గోడకి జిగురు ఎంత కావాలని అడిగావు.”

వాడు మెడ వెనక గోక్కున్నాడు. తరవాత లోపలికి వెళ్ళి ఒక గ్లాసు పట్టుకొచ్చి బల్ల మీద పెట్టాడు. అదే బీరు. రాగి రంగు. నేను నిలబడే తాగాను. ఇంకో పది రోజులు ఊరాక మిరియం తగ్గింది, రొట్టె పెరిగింది. కొంచెం మేలే. వేలెడు మిగిల్చి కింద పెట్టాను. చిటికెన వేలెడు.

వాడు గ్లాసు ఎత్తి చూశాడు. “ఈసారి మిగిల్చారేం?”

“మిగల్చగలనని తెలియడానికి.”

ఇంటికి వచ్చాను. ఓట్మార్ వంటింట్లో ఉన్నాడు. డబ్బా బల్ల మీద పెట్టాను. అతను దాని మీద చెయ్యి వేసి చల్లదనం చూశాడు. ఎక్కడి నుంచి అని అడగలేదు. పది రోజులుగా అతనితో ఒక్క మాట లేదు, మొదటి మాట ఏమిటా అని దారంతా ఆలోచిస్తూ వచ్చాను. మంచి మాట ఒక్కటీ దొరకలేదు.

“కింద ఉన్నదంతా పారబొయ్యాలి,” అన్నాను. “వెన్న కొడుతోంది.”

అతను లేచి తలుపు వెనక నుంచి బకెట్లు తీశాడు. కడిగి ఉన్నాయి. కడిగి, బోర్లించి, సిద్ధంగా ఉన్నాయి.

“నీకు తెలుసా?” అన్నాను.

“ఊఁ.”

“నీకు వాసన రాదుగా. ఎప్పటి నుంచి తెలుసు?”

“నువ్వు పుదీనా టీ పట్టుకున్నప్పటి నుంచి.”

“మరి చెప్పలేదేం?”

“నువ్వు చెప్తావని చూశాను.”

బకెట్లు పట్టుకుని నేలమాళిగలోకి దిగాడు. మొన్న నేను దిగినప్పుడు చూశాను, కింది నుంచి మూడో మెట్టు రాయి వదులైంది. చెప్పలేదు. దీపం పట్టుకుని పైనే నిలబడ్డాను.

అతను ఆ మెట్టు మీద కాలు వెయ్యకుండా, దాటుకునే దిగాడు.